పెద్ద సంఖ్య, పెద్ద భ్రమ: స్పోర్ట్స్ కారు స్ప్రింగులూ గేర్ ఆయిలూ

స్పోర్ట్స్ కారును మామూలు కారు నుంచి వేరుచేసేది వేగం ఒక్కటే కాదు. మలుపు తిరిగినప్పుడు, బ్రేకు వేసినప్పుడు, గేరు మార్చినప్పుడు ఆ కారు నడిపేవారి ఉద్దేశానికి ఎంత త్వరగా, ఎంత స్పష్టంగా స్పందిస్తుందన్నది దాని అసలు లక్షణం. ఆ స్పందన ముఖ్యంగా రెండు చోట్ల రూపుదిద్దుకుంటుంది. మొదటిది చక్రాలకూ బాడీకీ మధ్య ఉండే సస్పెన్షన్, రెండోది ఇంజను శక్తిని చక్రాలకు చేరవేసే గేర్‌బాక్స్. పాత స్పోర్ట్స్ కారును కొన్నవారు ముందుగా చేయి పెట్టేది కూడా ఈ రెండింటి మీదనే: గట్టి స్ప్రింగులు వేయించడం, ఖరీదైన గేర్ ఆయిల్ పోయించడం. ఒకటి ఇనుముకు, మరొకటి నూనెకు సంబంధించిన వ్యవహారం కనుక వీటి మధ్య పోలిక ఏముంటుందని అనిపించవచ్చు. అయితే రెండు చోట్లా జరిగే పొరపాటు మాత్రం ఒక్కటే. పెట్టె మీదా డబ్బా మీదా ముద్రించిన సంఖ్య ఎంత పెద్దదైతే సరుకు అంత మేలైనదని నమ్మడమే ఆ పొరపాటు. ఈ నమ్మకం ఎందుకు నిలవదో తెలుసుకోవడానికి ఒక నిర్దిష్టమైన కారును ఉదాహరణగా తీసుకోవడం మంచిది.

చిన్న కారు, పెద్ద పాఠం

జపాన్‌కు చెందిన మాజ్దా సంస్థ పేరు తెలుగువారికి 1980ల నుంచి రోడ్ల మీద తిరిగిన స్వరాజ్ మాజ్దా వ్యాన్ల ద్వారానే ఎక్కువగా పరిచయం. అదే సంస్థ 1989 ఫిబ్రవరిలో అమెరికాలోని షికాగో ఆటో ప్రదర్శనలో రెండే సీట్లున్న, పైకప్పు మడిచిపెట్టగల ఒక చిన్న కారును ఆవిష్కరించింది. అమెరికాలో మియాటాగా, జపాన్‌లో తొలుత యూనోస్ రోడ్‌స్టర్‌గా, మిగిలిన దేశాలలో ఎంఎక్స్-5గా పేరుపొందిన ఆ కారు రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలోనే అత్యధికంగా అమ్ముడుపోయినదిగా గిన్నిస్ గుర్తింపు పొందింది. 2016 ఏప్రిల్‌లో దాని పదిలక్షలవ బండి కర్మాగారం నుంచి బయటికి వచ్చింది. సంఖ్యల దృష్టితో చూస్తే తొలి తరం మియాటాలో గొప్పగా చెప్పుకోదగింది ఏమీ కనిపించదు. ఇంజను పరిమాణం 1,597 సీసీ, జపాన్ లెక్క ప్రకారం దాని శక్తి 120 హార్స్‌పవర్, బరువు 940 కిలోలు. నేటి సాధారణ కుటుంబ కార్లు కొన్ని ఇంతకంటే శక్తిమంతమైనవి.

అయినా ఆ కారుకు అంతటి ఆదరణ లభించడానికి కారణం దాని రూపకల్పనలో ఉంది. ప్రధాన ఇంజనీరు తోషిహికో హిరాయ్ బృందం ‘జిన్‌బా ఇట్టాయ్’ అన్న జపాన్ మాటను తమ ధ్యేయంగా పెట్టుకుంది. గుర్రమూ రౌతూ ఒకే ప్రాణిగా కదలడం అని దాని భావం. ఇందుకోసం ఇంజనును ముందు ఇరుసుకు కాస్త వెనకగా అమర్చి, ముందు వెనకల బరువును దాదాపు సమానంగా పంచారు. గేర్‌బాక్స్‌నూ వెనక ఉండే డిఫరెన్షియల్‌నూ ఒక పొడవైన అల్యూమినియం చట్రంతో బిగించి, యాక్సిలరేటరు నొక్కగానే ఆ ఒత్తిడి ఊగిసలాట లేకుండా చక్రాలకు చేరేటట్లు చేశారు. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ అమర్చారు. చక్రాన్ని పైనొకటి, కిందొకటి చొప్పున ఉండే రెండు త్రికోణాకారపు చేతులు పట్టుకుని ఉండే ఈ పద్ధతిలో, చక్రం పైకీ కిందికీ కదులుతున్నప్పుడు అది ఏ కోణంలో వాలాలో ఇంజనీరు ముందుగానే నిర్ణయించగలుగుతాడు. కనుక మలుపులో బాడీ ఒరిగినా టైరు నేలను వీలైనంత సమంగా పట్టుకుని ఉంటుంది.

ఈ రూపకల్పనకు స్ఫూర్తినిచ్చిన కార్లలో ముఖ్యమైనది బ్రిటన్‌కు చెందిన లోటస్ సంస్థ 1962లో విడుదల చేసిన ఎలాన్. కాలిన్ చాప్‌మన్ స్థాపించిన లోటస్ సంస్థ పందెపు కార్లకు ప్రసిద్ధి పొందినా, ఎలాన్ స్ప్రింగులు మాత్రం మెత్తనివి. తక్కువ బరువు, సరైన జ్యామితి, అదుపు తప్పనివ్వని షాక్ అబ్జార్బర్లు ఉంటే మెత్తని స్ప్రింగుతోనే కారు రోడ్డును గట్టిగా పట్టుకోగలదని అది నిరూపించింది. గట్టిదనమే సామర్థ్యం అనుకునేవారికి ఆ కారే తొలి సమాధానం.

స్ప్రింగు గట్టిదనం అంటే ఏమిటి

స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎంత బరువు కావాలో తెలిపే సంఖ్యను దాని గట్టిదనం అంటారు. జపాన్ తయారీ స్ప్రింగుల మీద దీన్ని మిల్లీమీటరుకు ఇన్ని కిలోలని పేర్కొంటారు. నాలుగు కిలోల స్ప్రింగు కంటే ఎనిమిది కిలోల స్ప్రింగు రెట్టింపు గట్టిదన్నది నిజమే; అయితే కారు నడకను నిర్ణయించేది స్ప్రింగు దగ్గర కొలిచిన గట్టిదనం కాదు, చక్రం దగ్గర తేలే గట్టిదనం. డబుల్ విష్‌బోన్ పద్ధతిలో స్ప్రింగు చక్రానికి కాస్త లోపలగా, కింది చేయి మీద కూర్చుంటుంది కనుక, చక్రం పది మిల్లీమీటర్లు పైకి లేచినప్పుడు స్ప్రింగు ఉదాహరణకు ఏడు మిల్లీమీటర్లే నొక్కుకుంటుంది. ఈ నిష్పత్తి ప్రభావం కదలిక మీదా బలం మీదా రెండుసార్లు పడుతుంది కాబట్టి, చక్రం దగ్గర గట్టిదనం తెలియాలంటే 0.7ను 0.7తో హెచ్చించాలి, వచ్చేది 0.49. అంటే నాలుగు కిలోల స్ప్రింగు చక్రం దగ్గర సుమారు రెండు కిలోలదిగానే పనిచేస్తుంది. చాలా చిన్న కార్ల ముందు చక్రాలకు ఉండే మాక్‌ఫర్సన్ స్ట్రట్ పద్ధతిలోనైతే స్ప్రింగు దాదాపు చక్రం కదిలినంతా కదులుతుంది కనుక, అదే నాలుగు కిలోల స్ప్రింగు అక్కడ ఇంచుమించు నాలుగు కిలోలదిగానే ఉండిపోతుంది. ఒక కారుకు నప్పిన సంఖ్యను మరో కారుకు ఎత్తి రాయడం ఎంత అర్థరహితమో ఈ లెక్క ఒక్కటే చెబుతుంది.

గట్టిదనాన్ని దాని మీద మోపిన బరువుతో కలిపి చూసినప్పుడే దానికొక అర్థం ఏర్పడుతుంది. స్ప్రింగు మీద కూర్చున్న బాడీ, నొక్కి వదిలితే, సెకనుకు ఇన్నిసార్లని ఊగుతుంది. సస్పెన్షన్ నిపుణులు స్ప్రింగును ఎంచుకునేటప్పుడు చూసేది ఈ ఊపు లెక్కనే. సాధారణ కుటుంబ కార్లలో ఇది సెకనుకు 1 నుంచి 1.5 వరకు, రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లలో 1.5 నుంచి 2 వరకు, పందెపు కార్లలో 2కు పైగా ఉంటుంది. లెక్క సులువు కోసం ఒక చక్రం మీద 200 కిలోల బరువు ఉందనుకుంటే, చక్రం దగ్గర రెండు కిలోల గట్టిదనానికి ఊపు సెకనుకు సుమారు 1.6 అవుతుంది. ఈ ఊపు గట్టిదనపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక దాన్ని రెట్టింపు చేయాలంటే స్ప్రింగు నాలుగింతలు గట్టిపడాలి. ఆ స్థితిలో చదునైన రేసు ట్రాక్ మీద కారు చురుగ్గా తిరిగినా, గతుకుల రోడ్డు మీద చక్రం నేలను వదిలి ఎగరడం మొదలవుతుంది. నేలను వదిలిన టైరుకు పట్టు సున్నా. అందుకే గతుకుల రోడ్డు మీద మితిమీరి గట్టిపడిన కారు అంతకు ముందున్న మెత్తని కారు కంటే వెనకబడుతుంది.

ముందు వెనకల స్ప్రింగుల మధ్య పొందిక కూడా లెక్కలోకి తీసుకోవలసిందే. రోల్స్-రాయిస్ నుంచి 1930లో అమెరికాలోని జనరల్ మోటార్స్‌కు వెళ్లిన మారిస్ ఓలీ అనే ఇంజనీరు ఈ విషయాన్ని ప్రయోగాలతో వివరించాడు. ఒక గతుకును ముందు చక్రాలు ముందుగా, వెనక చక్రాలు క్షణకాలం తరువాత తాకుతాయి. వెనక భాగపు ఊపు ముందు భాగానికంటే కొంచెం వేగంగా ఉంటే, ఆలస్యంగా మొదలైన వెనక ఊపు ముందు ఊపును అందుకుని, కారు ముందుకూ వెనక్కూ తూగకుండా సమంగా సర్దుకుంటుంది. ముందు స్ప్రింగులను మాత్రమే మార్చడమో, ముందూ వెనకా ఒకే సంఖ్య గల స్ప్రింగులు వేయడమో చేస్తే ఈ పొందిక చెదిరిపోతుంది.

షాక్ అబ్జార్బరు పని వేరు

తెలుగు నాట షాకప్ అని కూడా పిలిచే షాక్ అబ్జార్బరు బండి బరువును మోయదు. ఆ పని స్ప్రింగుది. స్ప్రింగు ఊగుతున్నకొద్దీ దానిలోని శక్తిని, సన్నని రంధ్రాల గుండా నూనెను నెట్టి వేడిగా మార్చి చల్లార్చడం షాక్ అబ్జార్బరు పని. కనుక స్ప్రింగు గట్టిపడితే దానిని అదుపుచేసే షాక్ అబ్జార్బరు కూడా తదనుగుణంగా బలపడాలి; స్ప్రింగు గట్టిదనం రెట్టింపైతే మునుపటి అదుపే నిలవడానికి షాక్ అబ్జార్బరు నిరోధం సుమారు 1.4 రెట్లు కావాలి. ముప్ఫై ఏళ్ల పాత షాక్ అబ్జార్బర్ల మీద కొత్త గట్టి స్ప్రింగులు వేసిన కారు బంతిలా ఎగరడానికి కారణం ఇదే; తప్పు స్ప్రింగుది కాదు, జోడు కుదరకపోవడం.

షాక్ అబ్జార్బర్లలో రెండు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒక గొట్టంలో మరో గొట్టం ఉండే పాత పద్ధతిలో నూనె, గాలి ఒకే చోట ఉంటాయి కనుక ఎడతెగని గతుకుల మీద నూనె నురగ కట్టి నిరోధం తగ్గిపోతుంది. ఫ్రాన్సుకు చెందిన క్రిస్టియన్ బూర్సియే ద కార్బోన్ రూపొందించిన ఒంటి గొట్టం పద్ధతిలో అధిక పీడనంతో ఉన్న వాయువును కదిలే బిళ్లతో వేరుచేసి నూనెను ఎప్పుడూ ఒత్తిడిలో ఉంచుతారు. అందువల్ల నురగ కట్టదు, గొట్టం బయటి గాలికి నేరుగా తగులుతుంది కనుక వేడి కూడా త్వరగా తగ్గుతుంది. జర్మనీకి చెందిన బిల్‌స్టీన్ సంస్థ 1957లో దీన్ని మెర్సిడెస్-బెంజ్ కార్లకు పెద్ద ఎత్తున తయారుచేసి ఇచ్చింది; మాజ్దా కూడా మియాటాలోని కొన్ని ప్రత్యేక రకాలకు కర్మాగారంలోనే బిల్‌స్టీన్ షాక్ అబ్జార్బర్లు అమర్చింది. నెదర్లాండ్స్‌కు చెందిన కోనీ వంటి సంస్థలు నిరోధాన్ని మరతో హెచ్చించడానికీ తగ్గించడానికీ వీలైనవి తయారుచేస్తాయి. ఇక్కడ కూడా మరను చివరిదాకా బిగించడం మేలు కాదు. నిరోధం మితిమీరితే నొక్కుకున్న స్ప్రింగు తరువాతి గతుకు వచ్చేలోగా తిరిగి సాగలేక, ఒక్కొక్క గతుకుతో కారు కిందికి దిగిపోతూ ఉంటుంది.

తొలి తరం మియాటాకు ప్రత్యేకమైన బలహీనత ఒకటుంది: దాని సస్పెన్షన్ పైకి కదలడానికి ఉన్న చోటు చాలా తక్కువ. చక్రం మరీ పైకి వచ్చి ఇనుముకు ఇనుము తగలకుండా షాక్ అబ్జార్బరు కడ్డీకి బంప్ స్టాప్ అనే మెత్తని దిమ్మ తొడిగి ఉంటుంది. అందం కోసం కారును నాలుగైదు సెంటీమీటర్లు కిందికి దింపే పొట్టి స్ప్రింగులు వేస్తే, కారు దాదాపు ఆ దిమ్మల మీదనే కూర్చుంటుంది. మలుపు మధ్యలో చిన్న గతుకు తగిలినా స్ప్రింగు పని ముగిసి, దిమ్మ ఒక్కసారిగా రాయిలా గట్టిపడి టైరు జారిపోతుంది. పైగా డబుల్ విష్‌బోన్ చేతుల కోణాలు మారిపోయి, బాడీ ఒరిగే తీరు కూడా చెడుతుంది. ఈ కారును బాగా ఎరిగినవారు ఎత్తును కొద్దిగానే తగ్గించి, కదలడానికి చోటు మిగిల్చే పొట్టి దిమ్మలు వాడతారు. 1998 నాటి రెండో తరం కారులో వాడిన పైభాగపు మౌంటు చక్రం కదలికకు మరికొంత చోటు ఇస్తుంది కనుక, దాన్నే తెచ్చి పాత కారుకు బిగిస్తారు. ఖరీదైన స్ప్రింగుల కంటే ఈ చవక మార్పే ఎక్కువ మేలు చేయడం గమనించదగిన విషయం.

మలుపులో బాడీ ఒరగకుండా రెండు పక్కల చక్రాలను కలిపే వంపు కడ్డీని యాంటీ రోల్ బార్ అంటారు. కడ్డీ గట్టిదనం దాని వ్యాసపు నాలుగో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. 19 మిల్లీమీటర్ల కడ్డీ స్థానంలో 22 మిల్లీమీటర్లది వేస్తే తేడా మూడు మిల్లీమీటర్లే అయినా గట్టిదనం దాదాపు 80 శాతం హెచ్చుతుంది. ఇక్కడ భ్రమ తిరగబడుతుంది: సంఖ్య కొంచెమే పెరిగింది, ఫలితం మాత్రం చాలా పెద్దది. మోసే బరువు రెట్టింపైనా టైరు పట్టు రెట్టింపు కాదు కాబట్టి, ఒక ఇరుసు వద్ద కడ్డీ మరీ గట్టిదైతే బరువంతా వెలుపలి టైరు మీదికి చేరి ఆ ఇరుసు మొత్తం పట్టు తగ్గుతుంది. ముందు కడ్డీ గట్టిపడితే స్టీరింగు తిప్పినా కారు నేరుగా పోవాలని చూస్తుంది. వెనక కడ్డీ గట్టిపడితే వెనక భాగం విసురుగా బయటికి జారుతుంది.

వీటన్నిటికంటే ముందు చూడవలసినవి కంటికి కనిపించని భాగాలు. చేతుల చివర ఉండే రబ్బరు బుష్‌లు ముప్ఫై ఏళ్లలో ఎండి పగిలిపోతాయి. వాటిని మార్చకుండా వేసిన ఏ కొత్త భాగమూ పూర్తి ఫలం ఇవ్వదు. రబ్బరు బుష్‌లను మార్చినప్పుడు కారును చక్రాల మీద నిలబెట్టి, మామూలు ఎత్తులో ఉండగానే బోల్టులను చివరిసారి బిగించాలి. గాలిలో వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారును దించగానే రబ్బరు మెలిపడి కొద్ది కాలానికే చిరుగుతుంది. తరువాతి మెట్లు మంచి టైర్లు, వీల్ అలైన్‌మెంట్. మియాటా నాలుగు చక్రాల కోణాలనూ సర్దుకోవడానికి వీలుగా కర్మాగారమే ప్రత్యేకమైన బోల్టులు పెట్టింది. చక్రం పైభాగాన్ని ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు లోపలికి వంచడం వంటి చిన్న సర్దుబాటుతో, కొత్త భాగం ఒక్కటీ కొనకుండానే కారు మలుపు తిరిగే తీరు మారుతుంది.

నూనె డబ్బా మీది అంకెలు

గేర్ ఆయిల్ డబ్బా మీద సాధారణంగా రెండు గుర్తులు ఉంటాయి. 75డబ్ల్యూ-90 వంటి మొదటి గుర్తు నూనె చిక్కదనాన్ని తెలుపుతుంది. ‘డబ్ల్యూ’కు ముందున్న అంకె చలిలో నూనె ఎంత తేలిగ్గా పారుతుందో, తరువాతి అంకె 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతాయి. 90 అన్న అంకెను చూసి, ఇంజను ఆయిల్‌లోని 40 కంటే ఇది రెట్టింపు చిక్కనిదని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. గేర్ ఆయిళ్లకూ ఇంజను ఆయిళ్లకూ కొలతబద్దలు వేరు. గేర్ ఆయిల్ కొలతలో 90 అంటే 100 డిగ్రీల వద్ద 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్‌ల చిక్కదనం. ఇంజను ఆయిల్ కొలతలో 40 అంటే 12.5 నుంచి 16.3. రెండూ చాలావరకు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అంకెల్లో కనిపించే అంతరం నూనెలో లేదు.

జీఎల్-4, జీఎల్-5 వంటి రెండో గుర్తు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఏర్పరచిన సేవా వర్గీకరణ. ఇందులో 5 అన్నది 4 కంటే ఒక మెట్టు పైదని అనుకోవడం సహజం; అయితే ఇవి ఒకే నిచ్చెన మీది మెట్లు కావు, వేర్వేరు పనులకు నిర్ణయించిన నూనెలు. జీఎల్-6 అనే వర్గం కూడా ఒకప్పుడు ఉండేదని, అది వాడుక నుంచి తొలగిపోయిందని గుర్తుచేసుకుంటే, ఇక్కడ పెద్ద అంకెకు గొప్పతనమేమీ లేదని అర్థమవుతుంది.

ఈ రెండిటి తేడా తెలియాలంటే మెకానిక్‌లు క్రౌన్ పీనియన్ అని పిలిచే, వెనక ఇరుసు మధ్యలో ఉండే పళ్ల చక్రాల జతను చూడాలి. 1920ల చివర అమెరికాలో ప్యాకర్డ్ కార్లతో వాడుకలోకి వచ్చిన హైపాయిడ్ పద్ధతిలో, చిన్న పళ్ల చక్రపు ఇరుసు పెద్ద చక్రపు మధ్యభాగానికి ఎదురుగా కాకుండా కాస్త కిందుగా కూర్చుంటుంది. దీనివల్ల కారు ఎత్తు తగ్గి, చప్పుడు కూడా తగ్గింది కానీ, పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడంతో పాటు తీవ్రమైన ఒత్తిడిలో జారడం కూడా మొదలైంది. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర తెగిపోయి ఉక్కుకు ఉక్కు తగులుతుంది. దానికి విరుగుడుగా గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలను నూనెలో కలుపుతారు. రాపిడికి వేడెక్కిన చోట అవి ఉక్కుతో చర్య జరిపి పలచని రక్షణ పొరగా ఏర్పడి, ఉక్కుకు బదులు తాము అరిగిపోతాయి. జీఎల్-5 నూనె ప్రధానంగా ఈ హైపాయిడ్ పళ్లకు ఉద్దేశించినది; జీఎల్-4లో ఈ రసాయనాల మోతాదు సుమారు సగమే.

మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పరిస్థితి వేరు. గేరు మార్చేటప్పుడు వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు భాగాలను ఒకే వేగానికి తేవడానికి సింక్రో రింగు అనే ఉంగరం ఉంటుంది. చాలా గేర్‌బాక్స్‌లలో దాన్ని ఇత్తడితో చేస్తారు. ఆ ఉంగరం తన ఏటవాలు లోపలి అంచుతో ఎదుటి భాగాన్ని రాసి, రాపిడితోనే దాని వేగాన్ని తనతో సమం చేస్తుంది. అంటే పళ్ల మధ్య రాపిడి ఉండకూడదు, ఉంగరం దగ్గర రాపిడి ఉండి తీరాలి. ఒకే నూనె ఈ రెండు విరుద్ధమైన పనులూ చేయాలి. హైపాయిడ్ కోసం మరీ జారుడుగా చేసిన నూనెలో ఉంగరానికి పట్టు చిక్కక, గేరు పడే ముందు పళ్లు గరగరమంటాయి. రెండో చిక్కు రసాయనికమైనది: ఇత్తడిలో రాగి ఉంటుంది, గంధకం రాగితో సులువుగా చర్య జరుపుతుంది. మెరుగుపెట్టిన రాగి పట్టీని వేడి నూనెలో ముంచి, దాని రంగు ఎంత మారిందో చూసి నూనె స్వభావాన్ని నిర్ధారించే ప్రామాణిక పరీక్ష ఇందుకోసమే ఏర్పడింది. నేటి జీఎల్-5 నూనెలలో కొన్నిటి రసాయనాలు రాగి జోలికి అంతగా పోవన్నది నిజమే. అయినా డబ్బా మీది అంకె ఆ భేదాన్ని చెప్పదు.

మియాటా యజమానుల పుస్తకం ఐదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్‌కు జీఎల్-4 గానీ జీఎల్-5 గానీ 75డబ్ల్యూ-90 చిక్కదనంలో పోయవచ్చని, హైపాయిడ్ పళ్లుండే డిఫరెన్షియల్‌కు మాత్రం జీఎల్-5 కావాలని చెబుతుంది. జీఎల్-5 పోసినంత మాత్రాన గేర్‌బాక్స్ పాడైపోతుందని భయపెట్టడం సరి కాకపోయినా, ఈ గేర్‌బాక్స్‌ను ఎరిగినవారిలో ఎక్కువమంది ఇత్తడి ఉంగరాలను దృష్టిలో పెట్టుకుని జీఎల్-4నే ఎంచుకోవడానికి కారణం లేకపోలేదు. చలికాలపు ఉదయాన మొదటి కొద్ది నిమిషాలు రెండో గేరు మొరాయించడం ఈ కారుకున్న ప్రసిద్ధమైన అలవాటు; చల్లబడి చిక్కనైన నూనె పొరను సింక్రో రింగు తెంచలేకపోవడమే దానికి కారణం. చలిలో తేలిగ్గా పారే సింథటిక్ జీఎల్-4 నూనె పోస్తే ఆ మొరాయింపు చాలావరకు తగ్గుతుంది. ఉంగరమే అరిగిపోయి ఉంటే మాత్రం ఏ నూనె కూడా దాన్ని తిరిగి నిర్మించలేదు.

ఇదే సూత్రం ఇతర కార్లకు వేరే రూపంలో వర్తిస్తుంది. షెవర్లే కార్వెట్, డాడ్జ్ వైపర్ వంటి శక్తిమంతమైన అమెరికన్ కార్లలో వాడిన ట్రెమెక్ టీ-56 అనే ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్‌కు తయారీదారు సూచించినది గేర్ ఆయిల్ కాదు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లలో పోసే పలచని డెక్స్‌రాన్ నూనె. అంతటి శక్తిని మోసే గేర్‌బాక్స్‌కు చిక్కని నూనె కావాలని ఊహించి 90 పోసినవారు గేరు మార్చడానికే కష్టపడతారు. రెండు క్లచ్‌లు ఒకదాని తరువాత ఒకటి పట్టుకునే పోర్షె పీడీకే వంటి ఆధునిక గేర్‌బాక్స్‌లలో క్లచ్‌లు నూనెలోనే మునిగి ఉంటాయి కాబట్టి నూనె రాపిడి గుణం ఆ యంత్రపు పనితీరులో ఒక భాగం. ఆ కార్లకు ఆ తయారీదారు చెప్పిన నూనె తప్ప మరొకటి పోయడం సాహసమే. ఒకప్పుడు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనెలలో రాపిడిని సరిచేయడానికి స్పెర్మ్ తిమింగిలాల నూనె కలిపేవారు. 1970ల తొలి ఏళ్లలో అమెరికా తిమింగిలాల రక్షణకు దాన్ని నిషేధించినప్పుడు, దానికి సాటివచ్చే ప్రత్యామ్నాయం కోసం నూనె సంస్థలు చాలా శ్రమపడవలసివచ్చింది. నూనెకు పారడం ఒక్కటే కాదు, తగినంత పట్టడం కూడా ఎంత అవసరమో ఆ చరిత్ర తెలుపుతుంది.

నూనె మార్చే పనిలో కొన్ని జాగ్రత్తలు చిన్నవిగా కనిపించినా నష్టాన్ని తప్పిస్తాయి. కింది బిరడా తీసి పాత నూనె వదిలేముందు, పక్కనున్న నింపే బిరడా ఊడుతుందో లేదో చూడాలి. అది బిగుసుకుపోయి ఉంటే ఖాళీ గేర్‌బాక్స్‌తో కారు కదలలేని స్థితి వస్తుంది. మియాటా గేర్‌బాక్స్‌లో సుమారు రెండు లీటర్లు పడుతుంది. నింపే రంధ్రం నుంచి కొత్త నూనె పొర్లడమే నిండినదానికి గుర్తు. గేరు కర్ర అడుగున వేరే చిన్న అరలో కూడా కొద్దిగా నూనె ఉంటుందని, అది ఎండిపోతే గేరు కర్ర బిరుసెక్కుతుందని చాలామందికి తెలియదు. బయటికి వచ్చిన పాత నూనెను పారబోసే ముందు పరీక్షించడం కూడా అవసరమే: బిరడా అయస్కాంతానికి అంటిన మెత్తని బూడిదరంగు ముద్ద సహజమైన అరుగుదల, పసుపు తళుకు సింక్రో రింగుల అరుగుదల, చేతికి తగిలే ఇనుప పెంకులు పన్ను విరిగిన గుర్తు.

చట్టం, వివేకం

మాజ్దా తన పేరుతో భారతదేశంలో కార్లు అమ్మలేదు కనుక మియాటా మన రోడ్ల మీద అరుదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి మాత్రం అది పాత కార్ల అంగడిలో అందుబాటులోనే దొరుకుతుంది. ఏ దేశంలో ఏ కారైనా మార్పులు చేసే ముందు అక్కడి చట్టం తెలుసుకోవాలి. భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి వీలు లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అరిగిన షాక్ అబ్జార్బరు, బుష్, టైరు, నూనెల స్థానంలో తయారీదారు సూచించినవే కొత్తవి వేయడం మరమ్మతు; వాహన స్వరూపాన్ని మార్చేది వేరు.

అదృష్టవశాత్తు చట్టం చెప్పేదీ యంత్రశాస్త్రం చెప్పేదీ ఇక్కడ చాలావరకు ఒక్కటే. కారులోని స్ప్రింగు, షాక్ అబ్జార్బరు, కడ్డీ, టైరు, ఉంగరం, నూనె ఒకదానికొకటి లెక్క కుదిరిన సమితి. ఒక్కదాని సంఖ్య పెంచితే మిగిలిన లెక్క తప్పుతుంది. కాబట్టి పాత స్పోర్ట్స్ కారును బాగుచేయదలచినవారు అరిగినవాటిని మార్చడంతో మొదలుపెట్టి, టైర్లు, అలైన్‌మెంట్, షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు అనే క్రమంలో, ఒక్కొక్క మార్పు ఫలితాన్ని నడిపి చూసిన తరువాతనే ముందుకు సాగడం మంచిది. ఇందులో ఏదీ కొనకముందు చేయవలసిన పని ఒకటుంది: కారు డాష్‌బోర్డు అరలో పడి ఉన్న యజమానుల పుస్తకాన్ని బయటికి తీసి, నూనెల పట్టిక ఉన్న పేజీ చదవాలి.